ఓబులప్ప తిరగేసిన మూతలు

ఇప్పుడు మదనపల్లెలో కంపెనీల వాళ్లకు నాణ్యత పాఠాలు చెబుతున్నాను గానీ, నా మనసు మాత్రం పుంగనూరు దగ్గరి ఆ పాలకేంద్రంలోనే ఉండిపోయింది. క్వాలిటీ ఆఫీసర్‌గా అది నా మొదటి ఉద్యోగం. ఐఎస్‌ఓ సర్టిఫికెట్ అంటే వెర్రి నాకు. నాణ్యత ఫైళ్లలో ఉంటుందనుకునేదాన్ని.

క్యాన్లు దించే చోట ఓబులప్ప ఉండేవాడు. మూత తీసి, దాని లోపలివైపు వాసన చూసేవాడు. బాగుంటే మామూలుగా పెట్టేవాడు. పులుపు తగిలితే నోరు మెదపకుండా మూత తిరగేసి పెట్టేవాడు. తెచ్చినవాళ్లు కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, క్యాను తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. పక్కవాళ్లు చూసీ చూడనట్టు ఉండేవాళ్లు. ఆ పొద్దులు తలచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

ఆడిట్ వస్తోందని నేనే దాన్ని మాన్పించాను. తిప్పి పంపే క్యానుకు ఎర్రచీటీ, గోడమీద బోర్డులో పేరు.

"పేరు యాల రాసేదమ్మా? తెచ్చినోళ్లకు తెలిస్తే సాలదా?" అన్నాడు ఓబులప్ప.

"రికార్డు ఉండాలప్పా" అన్నాను.

మొదటిరోజే చౌడేపల్లె వైపు నుంచి వచ్చే మునిలక్ష్మమ్మ పాలు పులిశాయి. ఇరవై ఏళ్లుగా పోస్తున్న మనిషి. బోర్డు మీద ఆమె పేరు నేనే రాశాను, గుండ్రటి అక్షరాలతో. ఆమెకు చదువు రాదు. వెనకున్నామె చదివి వినిపించింది. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

వారానికి ఆడిటర్ వచ్చి బోర్డు చూశాడు.

"ఇదెవరు పెట్టమన్నారు?"

"రూల్లో ఉంది కదా సార్."

"చెడ్డది మంచిదాంట్లో కలవకుండా గుర్తు పెట్టమనే ఉంది. ఏం గుర్తన్నది మీ ఇష్టం. ఇంతకుముందు ఏం చేసేవారు?"

ఓబులప్ప మూత తిరగేసి చూపించాడు.

"ఇది చాలు. ఇదే రాసుకోండి" అన్నాడు ఆడిటర్. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే ఆటో ఎక్కి మునిలక్ష్మమ్మ ఇంటికి వెళ్లాను. బోర్డు తీసేశామనీ, తప్పు నాదేననీ, మళ్లీ పాలు పోయమనీ బతిమాలాను.

"ఆవుల్ని అమ్మేస్తిమి కదమ్మా" అంది, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ. "ఓబులప్పన్న బాగుండాడా? ఆయప్ప నా పాలు నాలుగుసార్లు ఎనక్కి పంపినాడు. మా ఇంటాయనకు గూడా తెలీదు."

ఆ నాలుగూ మా రికార్డుల్లో ఎక్కడా లేవు.