మడమ గీత

చెరిపించింది మీరు. సంచి సర్దుకునేది ఆయనా? ముదీర్ సాబూ, సూపర్వైజర్ ప్రమోదూ, మిమ్మల్నే అడుగుతున్నది! ఆ పొద్దున లింబాద్రి మనసులోనే అడిగిన మాటలు ఇవే. పైకి అడుగుదామంటే తప్పు ఎవరిదో అతనికే అంతుబట్టలేదు మరి.

షార్జాలోని ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో మైదానం పని లింబాద్రిది. క్లబ్బు మేనేజరును అక్కడ అందరూ ముదీర్ అంటారు. గడ్డి కోసేదీ, తడిపేదీ, గుంటలు పూడ్చేదీ అతనే. కరోనా సద్దుమణిగినప్పటి నుంచి సజ్జాలోని కూలీల క్యాంపు నుంచి బస్సెక్కి రోజూ వస్తున్నాడు. గస్తన్ సాబ్ అక్కడ గోల్‌కీపర్ల కోచ్. ఫ్రెంచాయన. తమ దేశంలో పెద్ద క్లబ్బులో రెండో కీపరుగా ఏళ్ల తరబడి బెంచీ అరగదీశాడు, చిన్న క్లబ్బులో గోలు ముందు నిలబడ్డాడు, మోకాలు పోయాక కోచ్ అయ్యాడు. ఇక్కడ ఇలియాస్ అనే కీపరుకు నేర్పుతున్నాడు.

నేర్పినవాటిలో ఒకటి మడమ గీత. గోలు నడుమ నుంచి ముందుకు, బూటు మడమతో గడ్డిలో గీసుకోవాలి. కీపరు ముందుకొస్తే వెనక గోలు కనబడదు. కిందికి చూస్తే గీత చెబుతుంది, నడుమ ఎక్కడో. మ్యాచ్‌లో గీస్తే రిఫరీ కార్డు చూపిస్తాడని, ముందురోజు ప్రాక్టీసులోనే లోతుగా గీయించేవాడు.

లింబాద్రికీ గీతలు తెలుసు. ఊళ్లో కబడ్డీ కోర్టు మడమతోనే గీసేవాళ్లు. ఆట అయిపోగానే కాళ్లతో చెరిపి ఇంటికి పోయేవాళ్లు. నిన్నటి గీత మీద ఇయ్యాల ఆడితే మంచిది కాదని వాళ్ల నమ్మకం.

అందుకే ప్రమోద్ వచ్చి, "రేపు టీవీ వాళ్లొస్తున్నరు. ముదీర్ ఆర్డర్. గడ్డి మీద గీరు కూడా కనబడొద్దు. యల్లా, కానీయ్!" అన్నప్పుడు లింబాద్రి వెంటనే పార అందుకున్నాడు. ప్రాక్టీసు అయింది కదా అనుకున్నాడు. మడమ గీతలో ఇసుక పోశాడు, తొక్కాడు, నీళ్లు కొట్టాడు.

మ్యాచ్‌లో ఇలియాస్ ముందుకొచ్చి కిందికి చూశాడు. గీత లేదు. మళ్లీ చూశాడు. ఈలోపు బంతి ఖాళీగా పడున్న సగం గోలులోకి పోయింది.

మర్నాడు పొద్దున ముదీర్ మైదానంలోనే తేల్చేశాడు: "గస్తన్ ఖలాస్. పంపేయండి."

"అరే నరేశ్, గిదేందిరా? మనం పూడిస్తే ఆయన్ను పంపుడేంది?" అన్నాడు లింబాద్రి.

పక్కన పైపు చుడుతున్న తోటి పనివాడు నరేశ్ నవ్వాడు. "మనం అంటవేందే కాకా? పూడ్చినోనివి నువ్వు. పోయి చెప్పు, నిన్ను గూడ ఆయన పక్కపొంటి విమానం ఎక్కిస్తరు. కిటికీ సీటు అడుగు."

గస్తన్ సాబ్ గ్లౌజులు సంచిలో పెట్టుకుంటున్నాడు. లింబాద్రి వచ్చిన హిందీలో చెప్పేశాడు, గీత తానే చెరిపానని.

"తెలుసు," అన్నాడాయన వచ్చీరాని హిందీలోనే. "గోల్ పడింది. కీపర్ తప్పు. కీపర్‌కి నేర్పింది నేను."

"తెలిసి ఎందుకు చెప్పలేదు సాబ్?"

"ఫ్రాన్సులోనూ ఇంతే. డిఫెండర్ జారిపడ్డాడు, బంతి నా వెనక. జనం ఎవర్ని తిట్టారు? నన్నే. అలవాటు."

అలవాటా! లింబాద్రికి తల తిరిగింది. పదిమందిని దాటుకొచ్చిన బంతికి ఒక్కడు జవాబుదారీ ఏమిటి? కబడ్డీలో గీత దాటినవాడే అవుటు, పక్కవాడు కాదు. ఇదేం ఆట? చెరిపిన కాలు తనది. చెప్పిన నోరు ప్రమోద్‌ది. ఆర్డరు ముదీర్‌ది. తాను చేసింది తప్పా, పనా? ఎంత తిప్పినా ముడి విడలేదు. విడకుండానే కాళ్లు ముదీర్ కారు వైపు నడిచాయి.

ప్రమోద్ అడ్డమొచ్చాడు. "ఏయ్, కిధర్ జాతా?"

"నువ్వు గూడ రా. ఆవో!"

ముదీర్ ఎక్కబోతున్న కారు తలుపు పట్టుకున్నాడు లింబాద్రి. సగం హిందీ, సగం తెలుగు, ఏది వస్తే అది:

"సాబ్, చెరిపింది నేను. చెప్పింది ఈయన. ఆర్డర్ మీది. ముగ్గురం ఈడనే ఉన్నం. నాకైతే ఏం సమజ్ కాలే, నన్ను ఏం జేస్తరో జేయుండ్రి. గానీ మా ముగ్గుర్ల తప్పెవ్వలదో తేలేదాక గస్తన్ సాబ్ పోవద్దు. ఆయన సంచి దించుండ్రి. ఇలియాస్‌ను పిలువుండ్రి. గీత మళ్ల గీయమనుండ్రి, గీత ఉంటె గోలు ఇడుస్తడో లేదో సూడుండ్రి. ఇప్పుడే, మీ ముంగటనే!"