మైక్ సెట్ కొట్లో ఏడో తరగతి

ఆ ఏడాది తలుచుకుంటే డెబోరాకు ముందు గుర్తొచ్చేది వేడెక్కిన ఆంప్లిఫయర్ వాసన. ఇందుకూరుపేటలో వాళ్ల నాయన గిద్యోనుకు మైక్ సెట్లు అద్దెకిచ్చే కొట్టు ఉంది. ఆమె లెక్కలు నేర్చుకున్నది అక్కడే, అదీ డిగ్రీ అయిపోయినాక.

ఎంబీఏ చెయ్యాలని ఆమెకు గట్టి కోరిక. దానికి ఐసెట్ రాయాలి, ఐసెట్ నిండా లెక్కలు. ఆమె బీఏలో చేరిందే లెక్కల నుంచి పారిపోవడానికి. నెల్లూరులో కోచింగ్‌కు వెళ్లింది గానీ, ఒకరోజు సారు శాతాల లెక్కొకటి ఇచ్చి లేపి అడిగితే బోర్డు వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది. వెనక ఎవరో నవ్వారు. మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేసి, "నాయనా, నేనింక పోను" అంది.

గిద్యోను స్పీకర్ బాక్సుకు జాలీ బిగిస్తున్నాడు. తిట్టలేదు. "నేనూ పదిలో లెక్కల కాడే ఆగిపోయినాను పాపా" అన్నాడు.

సాయంత్రం పక్కింటి ఉషారాణి టీచర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె బళ్లో లెక్కలు చెబుతుంది. డెబోరాను నాలుగు ప్రశ్నలడిగి, లోపలికెళ్లి ఏడో తరగతి పుస్తకం తెచ్చిచ్చింది. "ఇక్కణ్ణించి మొదలుపెట్టు. సిగ్గుపడబాక" అంది.

సిగ్గు పడకుండా ఎలా? ఇంటికొచ్చేదాకా ఆ పుస్తకాన్ని చున్నీ కింద దాచుకుంది. అది చూసి గిద్యోను, "నేనూ కూర్చుంటాలే. ఎవురన్నా అడిగితే నాకోసమని చెప్పు" అన్నాడు.

అన్నట్టే కూర్చున్నాడు. క్రిస్మస్ సందడి అయిపోయి బేరాలు పల్చబడిన రోజులు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక షట్టర్ సగం దించి, బాక్సుల మధ్య చాప పరుచుకునేవాళ్లు. మైపాడు సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి షట్టర్ కింద దూరి కాగితాలు లేపేది. ఇద్దరూ ఒకే లెక్క చేసి, ఒకరిది ఒకరు చూడకుండా చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు.

ఒకరోజు ధరను ఇరవై శాతం పెంచి, మళ్లీ ఇరవై శాతం తగ్గిస్తే ఎంతవుతుందనే లెక్క వచ్చింది. మొదటి ధరే అని ఇద్దరూ రాశారు. ఇద్దరికీ ఒకటే వచ్చిందంటే తప్పయ్యే పనే లేదని గిద్యోను మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. ఉషారాణి టీచర్ చూసి, నవ్వాపుకోలేక గోడకానుకుంది. "తగ్గించేది పెరిగిన ధర మీద గదయ్యా. నాలుగు శాతం దిగిపోయింది" అంది. బజ్జీలు ఆమె కూడా తిన్నది.

ఈస్టర్ నాటికి ఆల్జీబ్రాకు వచ్చారు. అక్కడ గిద్యోను చతికిలబడ్డాడు. "అంకెలు పోయి అక్షరాలొచ్చినాయి. ఈ ఎక్స్ ఎవురు పాపా?"

మూడు ఎక్స్‌కు అయిదు కలిపితే ఇరవై. డెబోరాకూ అంతంతమాత్రమే తెలుసు. కాసేపు ఆలోచించి, "నువ్వు వైరు చుట్ట విప్పేటప్పుడు చివర చుట్టింది ముందు విప్పుతావు గదా. ఇక్కడ చివర కలిపింది అయిదు. ముందు దాన్ని తీసెయ్. పదిహేను. ఇప్పుడు మూడుతో భాగించు" అంది.

"అయిదు" అన్నాడు గిద్యోను, అనుమానంగా.

"అదే నాయనా ఎక్స్."

తను ఇంకొకరికి లెక్క చెప్పగలనని డెబోరా ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజు నుంచి ఆయన అడగడం, ఆమె చెప్పడం. చెప్పేకొద్దీ ఆమెకే తెలిసొచ్చేది.

ఐసెట్‌లో రానివాటి జోలికి ముందు పోకుండా, వచ్చినవన్నీ నిదానంగా చేసింది. గొప్ప ర్యాంకేమీ కాదు గానీ తిరుపతిలో సీటొచ్చింది. ఇప్పుడు తడ దగ్గర ఓ ఫ్యాక్టరీలో కొనుగోళ్ల విభాగం చూస్తోంది. శాతాలన్నీ కంప్యూటరే వేస్తుంది.

మొన్న ఊరికెళ్తే, గిద్యోను దారిలోనే ఓ పెళ్లి పందిట్లో నిచ్చెనెక్కి బాక్సులు కడుతున్నాడు. "నాయనా, అన్ని లెక్కలు చేస్తివి గదా, పదో తరగతి మళ్లీ ఎందుకు రాయలేదు?" అని అడిగింది.

"రాద్దామనే అనుకున్నా. నువ్వు తిరుపతి పోయినాక రెండు రోజులు చాపేసుకొని చూసినా. ఒక్కణ్ణే కూర్చోబుద్ధి కాలా."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"ఇప్పుడు కూర్చుందామా?"

"ఇప్పుడు నీకేడ తీరిక పాపా" అన్నాడు నవ్వుతూ. "ఈ నిచ్చెన పట్టుకో, కదలతా ఉంది."

డెబోరా బ్యాగు కింద పెట్టి, రెండు చేతులతో పట్టుకుంది.