ఫిల్టర్ పెట్టెలో మోత

జగ్గయ్యపేట మిర్చి కోల్డ్ స్టోరేజీ నుంచి ఎలక్ట్రీషియన్ యూనస్ పొద్దున్నే ఫోన్ చేశాడు.

"మేడమ్, మీరు పెట్టిన డ్రైవ్ పక్కన ఫిల్టర్ పెట్టె మూలుగుతోందండి. చెయ్యి పెడితే కాలిపోతోంది."

ఆసిఫా నందిగామలో బస్సెక్కింది. కంప్రెసర్ మోటారు వేగాన్ని అదుపు చేసే ఆ డ్రైవ్‌ను కిందటి నెల అమర్చింది తనే.

మోత గేటు దాకా వినిపిస్తోంది. మీటరు పెట్టి చూసింది. వోల్టేజి కాస్త తగ్గితే చాలు, డ్రైవ్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతోంది. ఆ లాగుడుకి, కరెంటును సాఫీ చేయాల్సిన ఫిల్టర్‌లోనే కాయిల్‌కీ కెపాసిటర్లకీ మధ్య కరెంటు ఊగుతోంది. ఊగినకొద్దీ డ్రైవ్ మరింత లాగుతోంది. ఒక కెపాసిటర్ మూత ఉబ్బిపోయి ఉంది.

"గంట ఆపాలండి. సెట్టింగ్ మార్చాలి," అంది మేనేజర్ ఉమాకాంతంతో.

"బయట పదకొండు లారీల మిర్చి ఉందమ్మా! సాయంత్రం చూద్దాం."

ఆమె యూనస్‌ను వెనక్కి జరగమని, అవతలి గోడకున్న మెయిన్ స్విచ్ దింపేసింది. ఉమాకాంతం కేకలేస్తున్నా ల్యాప్‌టాప్ తెరిచింది. మోటారు చురుగ్గా స్పందించాలని తాను పెంచిన అంకె అక్కడే ఉంది. దాన్ని తగ్గించింది. ఊపు మొదలవగానే డ్రైవ్ దానికి ఎదురు పనిచేసేలా మార్చింది. ఛార్జి దిగాక యూనస్ ఉబ్బిన కెపాసిటర్‌ను మార్చాడు. మళ్లీ ఆన్ చేస్తే మోత లేదు.

"అయితే తప్పు మీదేనా?" అన్నాడు ఉమాకాంతం.

"నాదేనండి."

ఆ మాట అంటుండగానే ఆమెకు గుర్తొచ్చింది. అదే సెట్టింగ్ వత్సవాయి పత్తి జిన్నింగ్ మిల్లులోనూ పెట్టింది. అక్కడి సూపర్‌వైజర్ క్రాంతికుమార్‌కు ఫోన్ చేసింది. అతని గొంతు వెనక అదే మూలుగు.

"రెండ్రోజుల్నుంచి ఇంతేనండి. మీకు చెబుదామనుకుంటున్నా."

"మెయిన్ దగ్గర ఆపేయండి! పెట్టె దగ్గరికి పోవద్దు!"

"ఏంటండీ? మిషన్ల చప్పుడు. ఆపమంటున్నారా? ఉండండి, పెట్టె మీదే బటనుంది, వస్తున్నా..."

"వద్దు! క్రాంతిగారూ, వద్దు!"

మూలుగు దగ్గరై, ఇంకా దగ్గరై, ఫోన్‌లో పేలుడు వినిపించింది. ఆ తర్వాత అతని గొంతు లేదు.

క్రాంతికుమార్ బతికాడు. కుడికన్ను పోయింది. విచారణ కాగితంలో సెట్టింగ్ ఎవరిదన్న చోట ఆసిఫా తన పేరే రాసింది. ఆసుపత్రికి వెళ్తే అతను తిట్టలేదు. కట్టు కట్టిన మొహం ఆమె వైపు తిప్పి ఒక్కటే అడిగాడు.

"ఆపమన్నారా మేడమ్, దగ్గరికి పోవద్దన్నారా? నాకు సరిగా వినపళ్లేదు."