మల్లక్క ఎవరు?

మా పోశం తాత గోదావరిఖనిలో ముప్పై ఐదేళ్లు బొగ్గుబాయి పని చేసి రిటైరయ్యాడు. రెండేళ్లుగా మరుపు. దాన్ని సారవ్వ అవ్వ భరించింది. కానీ ఆర్నెల్లుగా తనను "మల్లక్కా" అని పిలవడం మాత్రం భరించలేకపోయింది.

"నా పేరు మరిచిండు, సరే. దాని పేరెట్ల యాదికున్నది?"

ఎవరా మల్లక్క అని అడిగితే తాత, "మంచిది," అనేవాడు. ఆ పూట ఇంట్లో కూర ఉడికేది కాదు.

డాక్టరు హైదరాబాద్‌లో మెదడుకు పెట్ స్కాన్ చేయించమన్నాడు. నాకంటే ముందు అవ్వే బస్సెక్కింది.

"జబ్బంటే చాకిరి చేస్త. కాదంటే ఆ మల్లక్క ఇంట్లనే దించొస్త."

చక్కెరలాంటి మందు సూదితో ఇస్తామని, మెదడులో పనిచేసే చోట్లు దాన్ని తీసుకుని తెరమీద వెలుగుతాయని, మందగించినవి మసకగా కనిపిస్తాయని టెక్నీషియన్ చెప్పాడు.

"ఏ సెక్షన్ల పని ఆగిందో చూస్తరన్నట్టు," అన్నాడు తాత. "అయితే ముందుగాల పని చూసే ఓవర్‌మేన్‌ను పిలువుండ్రి."

సూది వేశాక గంటసేపు మాట్లాడకుండా పడుకోమన్నారు. తాత పడుకున్నాడు. మాట్లాడకుండా ఉండలేక బయట అవ్వే అవస్థ పడింది.

యంత్రంలోని గుండ్రటి దారి చూడగానే తాత రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. బాయిలోకి దిగేముందు బీడీలు, అగ్గిపెట్టెల కోసం తడిమి చూస్తారు. నేను ఆ సంగతి చెబితే టెక్నీషియన్ నవ్వుతూ తడిమాడు. మొలతాడుకు చెక్కుకున్న బీడీ దొరికింది.

మేం బయటి గదిలో కూర్చున్నాం. యంత్రం గుయ్యిమంది. స్పీకర్లో తాత గొంతు వినిపించింది.

"మల్లక్క నడుస్తున్నది."

అవ్వ కుర్చీలోంచి లేచింది. "విన్నవా? గీడ గూడ అదే!"

"ఇగ ఫికర్ లేదు, పోరగాండ్లు. మల్లక్క నడిచినంతసేపు నీళ్లు రావు. అది బందైతేనే ఉరకాలె."

నాకప్పుడు అర్థమైంది. మల్లక్కంటే బాయి అడుగున ఊరే నీళ్లను తోడి పైకి పంపే మోటారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు.

"పంపా?" అంది అవ్వ. "ఆర్నెల్లు నేను పంపుతోని కొట్లాడిన్నా?"

స్కాన్‌లోని మసకలు, మిగతా పరీక్షలు కలిపి చూసి, అల్జీమర్స్ అన్నాడు డాక్టరు. అవ్వ కోరుకున్నట్టే జబ్బని తేలింది.

ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం తాత ఉలిక్కిపడి లేచి, గాభరాగా చుట్టూ చూశాడు.

"మల్లక్కా!"

అవ్వ వంటింట్లో గిన్నె దించి, "ఆఁ, నడుస్తున్న," అంది. "నువ్వు పండు."

తాత మళ్లీ పడుకున్నాడు. అవ్వ నా వైపు తిరిగింది.

"నవ్వితివో, చెంప పలుగుతది."