మొరం తగిలేదాకా

మా కొత్తింటి పునాది తవ్వే పన్నెండుమందికి మూడోసారి టీ మరుగుతుండగా మా ఆయన రమేష్‌బాబు బయటనుంచి కేకేశారు.

"ఏంటే, టీకి ఇంతసేపా? ఇంట్లో ఉండి ఇంకేం పనుంది నీకు?"

పునాదిలో 'నాది' ఉంది గానీ, అందులో నాదంటూ ఏమీ లేదని నాకు ఆ కేకతోనే తెలిసింది. టీలు, టిఫిన్లు, మధ్యాహ్నం అన్నాలు, ఆ తర్వాత గుట్టలుగా గిన్నెలు. ఇవేవీ పనికిందకి రావు, చేసేది నేను కాబట్టి. కర్ణాటకలో సింధనూరు పక్కన, కోస్తానుంచి వలసొచ్చిన మనవాళ్లు కట్టుకున్న ఈ క్యాంపుకి కాపురానికొచ్చి ఇరవై రెండేళ్లు. అప్పట్నుంచీ ఇదే వరస.

గ్లాసులు పట్టుకెళ్లేసరికి గుంట దగ్గర రేగడి మీద రగడ నడుస్తోంది. పక్కూరినుంచి కూలికొచ్చే హనుమమ్మ గడ్డపార ఊతంగా పట్టుకుని నిలబడి ఉంది.

"మూడడుగులు చాలదు మేస్త్రీ. ఈ నల్లమట్టి వానకు ఉబ్బుతది, ఎండకు నోరు తెరుస్తది. కింద గట్టిది, ఎర్రమొరం తగిలేదాంక తవ్వాలె."

మేస్త్రీలో స్త్రీ ఉన్నా, మా శివాజీ మేస్త్రీకి ఆడమాట చెవికెక్కదు. "గోదావరి పక్కన మూడడుగుల మీద మూడంతస్తులు లేపినోణ్ణి. తట్టలు మోసేదానివి, నాకు చెప్తావా? రేపు రాయి పేర్చేస్తున్నాం!"

మా ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు కొట్టినపిండి. 'నీకేం తెలుసు, నువ్వూరుకో' అనేముందు వచ్చే నవ్వు. అది విని నేను ఇరవై రెండేళ్లూ ఊరుకున్నాను.

హనుమమ్మ ఊరుకోలేదు. తిన్నగా మా పనిముట్ల షెడ్డులోకి నడిచి, గోడకి వేలాడుతున్న ఎరువులకొట్టు క్యాలెండరు ఎత్తింది. వెనక, చెయ్యి దూరేంత బీట! నాలుగేళ్ల క్రితం కోస్తాలో కట్టినట్టే మూడడుగుల పునాదితో మా ఆయన కట్టించిన షెడ్డది. ఏటా పట్టుబట్టి పెద్ద క్యాలెండరే ఎందుకు తెస్తారో నాకప్పుడు బోధపడింది.

"నోడన్నా, ఇటు చూడు," అంది హనుమమ్మ మా ఆయనతో. "కొత్తింటికి ఎన్ని క్యాలెండర్లు కావాలె?"

నేను పగలబడి నవ్వాను. ఆయన ఉరిమి చూశారు. "నీకేం తెలుసని నవ్వుతున్నావ్?"

"తెలీదు. తవ్వితే తెలుస్తుంది," అని టీ పళ్లెం ఆయన చేతిలో పెట్టి, కొంగు బిగించాను.

హనుమమ్మ తవ్వింది, నేను తట్టలు అందుకున్నాను. ఐదున్నర అడుగుల దగ్గర గడ్డపార ఖంగుమంది. మట్టి ఎర్రబడింది. మా ఆయన ముఖమూ ఎర్రబడింది. మర్నాటినుంచి పునాది మొత్తం అంతలోతుకీ దిగింది.

గోడలు లేచాక ఓ వానాకాలం, ఓ వేసవి గడిచాయి. వెంట్రుకంత గీత పడలేదు.

గృహప్రవేశంనాడు మేస్త్రీని కుర్చీలో కూర్చోబెట్టి బట్టలు పెట్టారు. హనుమమ్మకి పెరట్లోనే ఇచ్చి పంపెయ్యమని మా అత్తగారు జాకెట్టుముక్క తీసిపెట్టారు. నేను పట్టుచీర తెచ్చి, మేస్త్రీ పక్కన రెండో కుర్చీ వేశాను.

"ఆడకూలీకి కుర్చీయేంటమ్మా? మనకి ఆనవాయితీ లేదు."

"మొరందాకా తవ్వే ఆనవాయితీ కూడా మనకి లేదత్తయ్యా."

"వద్దక్కా, కాళ్లకు మట్టుంది," అని గుమ్మంలోనే ఆగింది హనుమమ్మ.

"నాకూ ఉంది, రా."

వచ్చి, నిటారుగా కూర్చుంది. బొట్టు పెట్టి, పట్టుచీర తన చేతిలో పెట్టాను.

భోజనాల దగ్గర చుట్టాలాయన ఒకరు గోడ తట్టిచూసి, "ఇల్లు రాయిలా ఉందమ్మాయ్, ఎవరు కట్టారు?" అని అడిగారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"హనుమమ్మా, నేనూ," అన్నాను.