ఓటకార్ బరువు

ప్రతి ఉదయం డ్రహుష గ్లాసులో కాఫీ పొడి వేసి వేడినీళ్లు పోసేది. మడ్డి అడుక్కి దిగేలోపు మొగుణ్ణి తూచేది. జనవరిలో చనిపోయిన రోజున ఓటకార్ ఎనభై రెండు కిలోలు. ఈస్టర్‌కి బంగాళాదుంపల బస్తా అంత అయ్యాడు. రేగుపళ్లంత చిన్న నల్ల ప్లమ్ పళ్లు రాలే రోజులొచ్చేసరికి, చొక్కా కాలరుకి స్ప్రింగు తక్కెడ కొక్కెం తగిలించి ఒంటిచేత్తో ఎత్తేసేది. మనిషి చూడ్డానికి మాత్రం మారలేదు. అదే బట్టతల, అదే నీలం పనిచొక్కా. మాటే లేదు.

ఆ ఊళ్లో పోయినవాళ్లంతా అంతే. కొన్నాళ్లు ఇంట్లోనే ఉండి తేలికైపోతారు. బరువు అరకిలోకన్నా తగ్గగానే ఇంటివాళ్లు కిటికీ తెరుస్తారు, మిగతాది గాలి చూసుకుంటుంది. డ్రహుష ఆగస్టులోనే కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది.

"ఎంతున్నాడే ఇవాళ?" పక్కింటి ముసలామె హెడ్వికా మెట్ల మీద ఆపి అడిగింది.

"ఐదొందల గ్రాములు."

"నెలరోజుల్నుంచి అదే చెబుతున్నావు. మా ఆయన నాలుగు నెలల్లో వెళ్లిపోయాడు. బతికుండగా బీరుకొట్లోంచి లేవడానికే అంతకన్నా ఎక్కువ సేపు పట్టేది. నీ తక్కెడ పాడైందేమో."

"తక్కెడ బాగానే ఉంది."

"అయితే ఏదో గుట్టు మింగి కూర్చున్నాడు. మా అత్త కూడా అలాగే ఆగిపోయింది. వాళ్ల చెల్లెలి ఉంగరం తీసింది తనేనని మేం బయటపెట్టిన పూట, ఈకలా తేలి వెళ్లిపోయింది."

డ్రహుష మెట్లెక్కి లోపలికి వెళ్లింది. ఆమెకి ఆ రోజు పని ఉంది.

షూటింగ్ క్లబ్బువాళ్లు తమ పాత ఎయిర్ పిస్టల్ పంపించారు. నలభై ఏళ్ల నాటిది. దాని లీవర్ పక్కకి లాగితే లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ వెనకాల గోరంత ఉక్కు కొక్కెం దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ పట్టు జారితే లీవర్ తలుపులా వచ్చి కొడుతుంది. జూన్‌లో అలాగే కొట్టింది. బ్లజెనా ఎడమచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి.

బ్లజెనా బడి వంటశాలలో వంటమనిషి. ఇరవై ఏళ్లుగా క్లబ్బులో ఆమెని మించిన గురి లేదు. ఆ పిస్టల్ తప్ప ఆమెకి ఇంకో సరదా కూడా లేదు. లీవర్ లాగేటప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టినవాళ్లకి క్లబ్బులో జన్మలో చోటుండదు, అది నియమం. పెట్టలేదని బ్లజెనా అంటుంది. పెట్టకుండా ఎలా జారుతుందని కమిటీ అంటుంది. పిస్టల్‌లో లోపముందో లేదో డ్రహుష కాగితం రాసివ్వాలి. సాయంత్రం నాలుగింటికి సమావేశం.

డ్రహుష వృత్తి విద్యా కళాశాలలో డ్రాయింగ్ చెప్పేది. క్లబ్బు ఆయుధాలన్నీ ఓటకారే మరమ్మతు చేసేవాడు; ఆ పని అతని పక్కన కూర్చుని నేర్చుకుంది. రెండు పిన్నులు బయటికి నెట్టి, స్ప్రింగు వదులు చేసి, కొక్కెం బయటికి తీసింది. అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంది. దాని మీద ఆకురాయి పెట్టి నెట్టింది. గట్టి ఉక్కయితే ఆకురాయి గాజు మీద జారినట్టు జారాలి. ఇది కొరికింది.

ఆమెకి అర్థమైంది. ఇలాంటి కొక్కేనికి పైన కాగితమంత మందానే గట్టి పొర, లోపలంతా మెత్తన. ట్రిగ్గర్ నున్నగా కదలాలని ఎవరో సానరాయి మీద అవసరానికి మించి రుద్దారు. పొర పోయింది. ఆ తర్వాత ప్రతి గుండుకీ కాస్త కాస్త అరుగుతూ వచ్చింది. ఎవరో అనడం ఎందుకు? కొక్కెం పక్కన సూదితో గీసిన సంవత్సరం పోయినేడాదిదే. మరమ్మతు చేసినప్పుడల్లా అలా గీసేది ఓటకారే. ఆ ఏడే అతని కంటికి పొర కమ్మింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆమె చెప్పలేదు.

కొత్త కొక్కెం చేసింది. ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, బిగించింది. పోటీల్లో చేసినట్టే ట్రిగ్గర్‌కి అరకిలో తూకపురాయి వేలాడదీసింది. కొక్కెం జారకుండా నిలిచింది.

మూడింటికి బ్లజెనా వచ్చింది, గసగసాల బన్నులు తీసుకుని.

"బాగున్నావా ఓటకార్?" అని కుర్చీలోని మనిషిని పలకరించి, డ్రహుష వైపు తిరిగింది. "నాకు కాగితం చేతికివ్వకపోయినా ఫర్వాలేదే. ఒక్క మాట చెప్పు చాలు. మూడు నెలల్నుంచి రాత్రీ పగలూ అదే. వేలు పెట్టానా, లేదా? లేదనే గుర్తు. కానీ కమిటీలో పదకొండు మందీ పెట్టావంటుంటే..."

"కుడిచెయ్యి బాగానే ఉందిగా. మళ్లీ కాలుస్తావా?"

"రానిస్తే రేపే వస్తాను."

"చూడు బ్లజెనా," అంది డ్రహుష. "నేను విప్పి చూశాను. ఆ కొక్కెం..."

కుర్చీ కిర్రుమంది. ఓటకార్ బూట్లు నేలమీంచి లేచాయి. అరచెయ్యంత ఎత్తుకి. ముఖం మీద గీతలు సర్దుకున్నాయి. పెళ్లయిన కొత్తలో తప్ప డ్రహుష ఆ ముఖం చూడలేదు. అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఆ కొక్కెం?" అంది బ్లజెనా.

డ్రహుష పాత ముక్కని గుప్పిట్లో బిగించింది.

"బాగానే ఉంది. పిస్టల్‌లో ఏ లోపమూ లేదు."

ఓటకార్ కిందికి దిగాడు.

బ్లజెనా బన్నుల పళ్లేన్ని బల్ల మీద ముందుకి జరిపింది. "అయితే పెట్టే ఉంటాను," అంది. "మనిషికి తన వేలు ఎక్కడుందో కూడా తెలీదన్నమాట." డ్రహుష రాసిచ్చిన కాగితం తనే తీసుకెళ్లి కమిటీకి ఇస్తానంది. దారిలోనేగా, నీకెందుకు శ్రమ అంది.

ఆ మర్నాడు తక్కెడ ముల్లు ఏడు వందల మీద ఆగింది. వారం తిరిగేసరికి కిలో, ఆ పైన రోజుకి రెండేసి కిలోలు. అక్టోబరు చివరికి డ్రహుష అతన్ని రెండు చేతుల్తోనూ కదపలేకపోయింది. నవంబరులో కుర్చీ కాలు విరిగి ఓటకార్ నేల మీద పడ్డాడు. హెడ్వికా నడుం వంగదు. వీధిలో నలభై లీటర్ల సూపు గుండిగలెత్తే చేతులు ఒక్కరికే ఉన్నాయి.

బ్లజెనా ఏప్రాను విప్పకుండానే పరిగెత్తుకొచ్చింది. చంకల కింద చేతులు పెట్టి లేపింది. సగం దూరంలో ఎడమచెయ్యి పట్టు తప్పింది.

"ఆగు, ఆగు, జారుతున్నాడు. ఈ మొండివేళ్లతో పట్టు దొరకదు," అని నవ్వి, ఓటకార్ చెవి దగ్గర, "ఏమనుకోకయ్యా, నా తప్పే," అంది.

"నువ్వు కాళ్లు పట్టుకో," అంది డ్రహుష.