ఆరు గంటల కూత

వెనకమూత మళ్లీ జారిపోయింది. యేసేపు పళ్లు కొరికి, జేబుగడియారాన్ని మడతపెట్టిన పాతచీర మీద బోర్లించి, రెండు బొటనవేళ్లతో నొక్కాడు. ఒకవైపు పడితే ఇంకోవైపు లేచింది. నాలుగేళ్లుగా చాకుమొనతో తెరిచీ తెరిచీ అంచు వంకరపోయింది. తెరిచింది తనే. అందుకే అతని ఒళ్లు మండిపోతోంది.

ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో, బాయిలరు దగ్గర, ఇరవై రెండేళ్లుగా కూత వేసేది అతనే. ఆఫీసు కిటికీలోంచి గోడగడియారం చూసి, పని పెట్టే వేళకీ వదిలే వేళకీ ఆవిరి ఈల గొలుసు లాగాలి. అంతకుమించి అతని గురించి చెప్పుకునేదేమీ లేదు. రైల్వే గార్డు ఒకాయన పోతూపోతూ ఇచ్చిన ఈ గడియారం మాత్రం ఆ గోడగడియారంతో ఏనాడూ కలవలేదు. సాయంత్రం పది నిమిషాలు ముందుండేది. వెనక్కి తిప్పితే తెల్లారేసరికి పది నిమిషాలు వెనకబడేది. పాతది కదా, దీనికి మతి చెడిందనుకున్నాడు. మూత తెరవడం, లోపలి మీట అటూ ఇటూ జరపడం, మూయడం. చివరికి అది నిలిచిపోయింది.

పోయిన వారం ఎమ్మిగనూరులో గడియారాల రంగన్న కొత్త స్ప్రింగు వేసి, చక్రాల మధ్య నుంచి ఇంత దూది పీకి చూపించాడు.

"దీంట్లో యే దోషమూ లేదప్పా. నువ్వు యాడి గడియారం సూసి దిద్దుతాండావు?"

యేసేపు మూడు రోజులు స్టేషను గడియారంతో పోల్చాడు. తేడా లేదు. అంటే మిల్లులోనే మధ్యాహ్నం ముల్లు పది నిమిషాలు వెనక్కి తిప్పి, కూత అయ్యాక ముందుకు జరుపుతున్నారు. రెండు వందల మంది ఆడవాళ్ల పొద్దు దోచుకుంటున్నారు. దానికి గొలుసు లాగింది తన చెయ్యే. పైగా నిజం చెప్పిన గడియారాన్నే పిచ్చిదన్నాడు. ఆ చేతిని నరుక్కోవాలన్నంత కోపం వచ్చింది.

అదే మిల్లులో దూది ఏరే భార్య సుగుణమ్మ అతని ముఖం చూసింది.

"ఈ పొద్దు నువ్వేం జేస్తావో నాకు తెలుసు. పని పోతాది."

"పోనీ. ఆ పది నిమిషాలు నీ ఊపిరిలోకి పోయిన దుమ్ముకు ఎవురు జవాబు సెప్తారు?"

ఆమె కాసేపు దగ్గింది. తర్వాత లేచి ఇత్తడి గ్లాసు తెచ్చి, మూత మీద బోర్లించి, అతని చేతిమీద తన చెయ్యి వేసి నొక్కింది. మూత టక్కున పడింది. యేసేపు కీ తిప్పాడు. ఒకసారి తిప్పితే అది ఒక్కరోజు నడుస్తుంది.

ఆ సాయంత్రం గోడగడియారం ఆరుకు పది తక్కువ చూపిస్తుండగా అతను గొలుసు లాగాడు. ఆడవాళ్లు లేచి, కొంగులు దులుపుకుని, ఇంకా ఎండ ఉండగానే గేటు దాటారు. గుమాస్తా బాయిలరు గది గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చి ఏ గడియారం చూసి వేశావన్నాడు. యేసేపు చూపించాడు. రేపటినుంచి రావద్దన్నారు. అతను గడియారాన్ని గొలుసు పక్కనున్న మేకుకు తగిలించి వెళ్లిపోయాడు. ఆ వేడికీ మసికీ గుమాస్తాలెవరూ లోపలికి రారు.

కూత పని బాయిలరులో బొగ్గు వేసే బసన్నకు ఇచ్చారు. నాలుగో రోజు సుగుణమ్మ నీళ్లకని బాయిలరు వైపు పోయి మేకు దగ్గర ఆగింది. వెనకమూత గట్టిగానే పడి ఉంది. కీ మీద బసన్న వేళ్ల మసి. గడియారం నడుస్తూనే ఉంది.